మెడలోనా, గజ్జల్లోనా, గుండె దగ్గరా? కృత్రిమ ఊపిరితిత్తి పైపులు ఎక్కడ పెట్టించాలి

ఎక్మో అంటే రక్తాన్ని పంపుతో ఒంట్లోంచి బయటికి లాగి, ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపే యంత్రం, ఒక రకం కృత్రిమ ఊపిరితిత్తి. ఆ మాట తెలుగు ఇళ్లలోకి వచ్చింది 2020 ఆగస్టులో. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం చెన్నై ఎంజీఎం హెల్త్‌కేర్‌లో ఉన్న ఆ రోజుల్లో, టీవీలో బులెటిన్ చదివినప్పుడల్లా ‘వెంటిలేటర్, ఎక్మో సపోర్టు మీద ఉన్నారు’ అన్న వాక్యం కోసం చెవులు రిక్కించేవాళ్లం. సెప్టెంబరు 25న ఆయన వెళ్లిపోయారు. మాట మాత్రం మనకు ఉండిపోయింది. ఇప్పుడు ఐసీయూ బయట కూర్చున్న బంధువులే ‘ఎక్మో పెడితే బతుకుతారా సార్’ అని అడుగుతున్నారు.

నేను పెర్ఫ్యూజనిస్టుని, అంటే ఆ పంపు పక్కన కూర్చునే మనిషిని. నన్ను ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: పైపులు ఎక్కడ పెడతారు? రెండు మూడు రోజుల పని అయితే ఈ ప్రశ్నకు పెద్ద విలువ లేదు, ఎక్కడ త్వరగా దొరికితే అక్కడ పెట్టేయడమే. వారాలు, నెలలు అనుకున్నప్పుడు మాత్రం పేషెంటు లేచి నడుస్తాడా, కాలు దక్కుతుందా, గుండె నిలబడుతుందా, మార్పిడికి ఊపిరితిత్తులు దొరికేదాకా ఒంట్లో సత్తువ ఉంటుందా అన్నవన్నీ ఆ పైపుల దారి మీదే ఆధారపడతాయి. 2021లో సికింద్రాబాద్ కిమ్స్‌లో పన్నెండేళ్ల బాబు ఒకడు 65 రోజులు ఎక్మో మీద ఉండి కోలుకున్నాడు. అన్నాళ్ల ప్రయాణానికి దారి చూసుకోవడం గురించే ఈ రాత.

ముందు కొంచెం లెక్క

డయాలసిస్ తెలిసిన వాళ్లకు ఒక సందేహం వస్తుంది. కిడ్నీ పేషెంట్లకు చేతికి ఫిస్టులా చేసి, అంటే ధమనినీ సిరనూ కలిపి కుట్టి, ఏళ్ల తరబడి నడిపిస్తున్నారు కదా, ఊపిరితిత్తులకూ అలాంటిది ఎందుకు చేయరు?

డయాలసిస్‌కు నిమిషానికి 300, 400 మిల్లీలీటర్ల రక్తం చాలు. అదీ వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. ఊపిరితిత్తి పని వేరు. విశ్రాంతిగా పడుకున్న మనిషికి కూడా నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి. హిమోగ్లోబిన్ 15 ఉన్న లీటరు రక్తం నిండా మోస్తే 200 మిల్లీలీటర్లు పడుతుంది. కానీ ఒళ్లంతా తిరిగి గుండెకు వచ్చే చెడు రక్తంలో అప్పటికే 150 దాకా మిగిలి ఉంటుంది. అంటే లీటరుకు మనం కొత్తగా ఎక్కించగలిగేది 50 మాత్రమే. 250 ఎక్కించాలంటే నిమిషానికి 5 లీటర్ల రక్తం యంత్రంలోంచి పోవాలి. అది రాత్రీ పగలూ ఆగకూడదు. ఐసీయూలో హిమోగ్లోబిన్ 8, 9కి పడిపోతుంది కాబట్టి లెక్క ఇంకా బిగుసుకుంటుంది.

అంత రక్తం లాగాలంటే పైపు లావుగా ఉండాలి. పైపు సైజును ఫ్రెంచ్‌లలో చెబుతారు, మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. పెద్దవాళ్లకు రక్తం లాగే పైపు మామూలుగా 21 నుంచి 29 ఫ్రెంచ్ దాకా, అంటే ఏడు నుంచి దాదాపు పది మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. చేతికి సెలైన్ ఎక్కించే క్యాన్యులాను మనసులో పెట్టుకుని దీన్ని చూస్తే భయం వేస్తుంది. కానీ తగ్గించడానికి వీల్లేదు. పైపు లోపలి వెడల్పు సగమైతే ప్రవాహానికి అడ్డు పదహారు రెట్లవుతుంది. ఒక అంగుళం బోరు పైపుతో మూడెకరాలు తడపబోయిన రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

కార్బన్ డయాక్సైడ్ లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. లీటరు చెడు రక్తంలో అది 500 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది, ఒంట్లో తయారయ్యేది నిమిషానికి 200. కాబట్టి దాన్ని తీయడానికి లీటరులోపు ప్రవాహం చాలు. ఈ రెండు లెక్కలూ గుర్తుంటే కింద చెప్పేదంతా సులువుగా అర్థమవుతుంది.

గజ్జల నుంచి: తొందరగా అయ్యే పని

పేషెంటు నీలంగా మారిపోతున్నప్పుడు డాక్టర్లు మొదట చూసేది గజ్జల్లోని ఫిమోరల్ సిర. పెద్ద సిర, అల్ట్రాసౌండ్‌తో తేలిగ్గా దొరుకుతుంది, మంచం దగ్గరే పని అయిపోతుంది. ఒక గజ్జలోంచి రక్తం లాగి, ఆక్సిజనేటర్‌లోంచి, అంటే రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే డబ్బాలోంచి పంపి, రెండో గజ్జలోంచి పొడుగాటి పైపుతో గుండె కుడివైపు పై గది (కర్ణిక) దాకా తీసుకెళ్లి వదలడం ఒక పద్ధతి. గజ్జలోంచి లాగి, మెడ కుడివైపు జుగులర్ సిరలో వదలడం ఇంకో పద్ధతి. రెండింట్లో నాకు రెండోదే నచ్చుతుంది. గజ్జ ఒకటి ఖాళీగా ఉంటుంది. రెండు పైపుల కొసలూ దూరంగా ఉంటాయి.

ఆ దూరం ఎందుకంటే, చెరువులో మోటారు పైపు ఎక్కడ వేశామో సరిగ్గా అక్కడే నీళ్లు తిరిగి పోస్తే పోసిన నీళ్లనే మళ్లీ తోడుకుంటుంది. ఇక్కడా అంతే. ఆక్సిజన్ ఎక్కించిన రక్తం గుండెలోకి పోకుండా లాగే పైపులోకే తిరిగి వచ్చేస్తుంది. దీన్ని రీసర్క్యులేషన్ అంటారు. పంపు మీద 5 లీటర్లు కనిపిస్తూనే ఉంటుంది, పేషెంటు శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) మాత్రం 80 దాటదు. ‘మెషిన్ ఫుల్‌గా నడుస్తోంది కదా, మరి ఎందుకిలా’ అని బంధువులు టెన్షన్ పడేది చాలాసార్లు దీనివల్లే.

భారీ శరీరం ఉన్నవాళ్లకు, జ్వరంతో ఒళ్లు కాలిపోతూ ఆక్సిజన్ ఎక్కువ లాగేసే వాళ్లకు ఈ రెండు పైపుల పద్ధతిని మించింది లేదు, ఎందుకంటే ప్రవాహం దండిగా వస్తుంది. లోపమల్లా కదలిక దగ్గర. గజ్జలో లావు పైపు ఉన్న మనిషి కాలు మడవడానికి, కూర్చోవడానికి జంకుతాడు, నర్సులు అంతకన్నా జంకుతారు. మల మూత్రాలకు దగ్గర కాబట్టి శుభ్రత ఇంకో తలనొప్పి. గజ్జలో పైపు ఉన్నా జాగ్రత్తగా నడిపించే బృందాలు ఉన్నాయి. కానీ అనుభవం, మనుషులు రెండూ ఉన్నచోటే అది జరుగుతుంది.

మెడలో ఒక్కటే పైపు

ఒకే పైపులో రెండు దారులు ఉంటాయి. అవలాన్ ఎలైట్ అనే పేరుతో ఎక్కువగా తెలిసింది ఇదే. పెద్దవాళ్లకు 27 లేదా 31 ఫ్రెంచ్. మెడ కుడివైపు సిరలోంచి దించితే పై పెద్ద సిర, గుండె కుడి గది దాటి కింది పెద్ద సిర దాకా వెళ్తుంది. పైనుంచీ కిందనుంచీ వచ్చే చెడు రక్తాన్ని లాగుతుంది. మధ్యలో ఉన్న కన్నంలోంచి మంచి రక్తాన్ని నేరుగా గుండె కవాటం వైపు చిమ్ముతుంది. సరిగ్గా కుదిరితే రీసర్క్యులేషన్ చాలా తక్కువ.

ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూసే పేషెంటుకు ఇది పెద్ద వరం. రెండు కాళ్లూ ఖాళీ. మంచం దిగొచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు, గొంతులోని వెంటిలేటర్ ట్యూబు తీయగలిగితే నోటితో తినొచ్చు, భార్యతో మాట్లాడొచ్చు. ఎక్మో మీద పడుకోబెట్టేసిన మనిషి రెండు వారాల్లో తొడ కండలు కరిగిపోయి పుల్లలా తయారవుతాడు. అలాంటి ఒంటికి మార్పిడి ఆపరేషన్ తట్టుకోవడం కష్టం, చాలాచోట్ల జాబితాలోంచి తీసేస్తారు కూడా. నడక ఇక్కడ ఆపరేషన్‌కు అర్హతలో భాగం.

సరే, చిక్కులూ చెప్పాలి. గజ్జల పని చేసినంత తేలిగ్గా దీన్ని పెట్టకూడదు. పైపుకు దారి చూపే తీగ కుడి జఠరికలోకి, అంటే గుండె కుడివైపు కింది గదిలోకి జారితే గుండె గోడకు కన్నం పడే ప్రమాదం ఉంది. అందుకే ఎక్స్‌రే తెర మీదో, గొంతులోంచి చేసే ఎకోలోనో చూస్తూనే దించాలి. పెట్టాక కూడా కొసరు జాగ్రత్తలు చాలానే ఉంటాయి. పైపు కొంచెం తిరిగినా, రెండు సెంటీమీటర్లు పైకి జరిగినా చిమ్మే ధార కవాటం వైపు కాకుండా గోడకు కొడుతుంది. ఒక ఆసుపత్రిలో నా రాత్రి డ్యూటీలో దుప్పటి మార్చడానికి పేషెంటును పక్కకు తిప్పారు. కాసేపటికే శాచురేషన్ దిగజారిపోయింది. ఆక్సిజనేటర్ పాడైందేమోనని నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎకో డాక్టరుగారు వచ్చి చూస్తే పైపు తిరిగిపోయి ఉంది. అప్పటినుంచీ చర్మం దగ్గర పైపు ఎన్ని సెంటీమీటర్ల గుర్తు మీద ఉందో ప్రతి షిఫ్టులో రాసిపెట్టుకోవడం అలవాటైంది.

ఇంకో మాట. ఒకే పైపులో రెండు దారులు ఇరుక్కోవాలి కాబట్టి ప్రవాహానికి ఒక హద్దు ఉంటుంది. వంద కిలోల మనిషికి ఇది సరిపోకపోవచ్చు. ఖరీదు కూడా మామూలు పైపుల కన్నా బాగా ఎక్కువ. ‘మెడలో పెట్టే ఖరీదైన పైపు మంచిది, గజ్జల్లోది చవకది’ అని కొందరు బంధువులు అనుకుంటారు. వారం రోజుల్లో తేరుకునే న్యుమోనియాకు గజ్జ–మెడ పద్ధతే చాలు, ఆ డబ్బు మిగలనివ్వండి.

గుండె కుడివైపు అలసిపోయినప్పుడు

ఊపిరితిత్తులు గట్టిపడితే వాటిలోకి రక్తం తోయడానికి గుండె కుడి జఠరిక గింజుకుంటుంది. నెలల తరబడి అలా తోసి తోసి ఉబ్బిపోతుంది. కాళ్ల వాపులు, కాలేయం వాపు, బీపీ పడిపోవడం మొదలవుతాయి. ఇప్పటిదాకా చెప్పిన పద్ధతులన్నీ రక్తాన్ని గుండె కుడి గదిలోకే తిరిగి వదులుతాయి, అక్కడినుంచి తోసే పని పాపం ఆ అలసిన జఠరికదే.

అందుకు ఇంకో రకం జంట పైపు ఉంది, ప్రొటెక్‌డ్యుయో. 29, 31 ఫ్రెంచ్‌లలో వస్తుంది. ఇదీ మెడ కుడివైపు నుంచే. కానీ కొస కుడి జఠరికను దాటి, అక్కడినుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పుపుస ధమనిలోకి వెళ్తుంది. కుడి గదిలోంచి లాగిన రక్తాన్ని నేరుగా పుపుస ధమనిలో వదలడం వల్ల జఠరిక పనిని పంపు పంచుకుంటుంది. లాగే చోటు ఒకవైపు, వదిలే చోటు రెండు కవాటాల అవతల కాబట్టి రీసర్క్యులేషన్ బెడద కూడా దాదాపు ఉండదు. మనిషి లేచి నడవొచ్చు. మార్పిడి కోసం కాచుకునే ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) పేషెంటుకు కుడి గుండె ఎకోలో బలహీనంగా కనిపిస్తే నేను మొదట దీని గురించే అడగమంటాను. దీన్ని పెట్టిన అనుభవం ఆ ఊళ్లో ఎవరికి ఉంది అన్నది మాత్రం తేల్చుకోవాలి.

ఊపిరితిత్తుల్లోని రక్తనాళాల బీపీ విపరీతంగా పెరిగిపోయిన జబ్బులో మాత్రం ఇదీ సరిపోదు. మూసుకుపోయిన నాళాల్లోకే ఇంకా రక్తం తోసినట్టవుతుంది.

ధమనిలోకి ఇవ్వాల్సి వస్తే

గుండె కూడా ఆగిపోయే స్థితిలో ఉంటే రక్తాన్ని ధమనిలోకి తిరిగి ఇస్తారు. గజ్జలోని ఫిమోరల్ ధమని దీనికి వాడుక. ప్రాణం నిలబెట్టడానికి గొప్ప దారి, వారాల తరబడి ఉండడానికి నాకు అసలు నచ్చని దారి.

ధమనిలో లావు పైపు ఉంటే ఆ కింది కాలికి రక్తం అందదు. అందుకే కాలి వైపు ఇంకో చిన్న పైపు వేసి రక్తం పంపాలి. వేయకపోతే కాలు పోయే ప్రమాదం ఉంది. రెండోది, కిందనుంచి ఎదురెక్కే రక్తాన్ని ఎడమ జఠరిక తోసుకోవాలి. మూడోది విచిత్రమైనది. గుండె కాస్త కోలుకుని కొట్టుకోవడం మొదలుపెడితే, పాడైన ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన నల్లటి రక్తాన్ని అది మెదడు వైపు పంపుతుంది. యంత్రం ఇచ్చే ఎర్రటి రక్తం పొట్ట, కాళ్లకే పరిమితమవుతుంది. కాళ్లు గులాబీ రంగులో, ముఖం నీలంగా ఉంటుంది. అలాంటి పేషెంటుకు పల్స్ ఆక్సీమీటర్ కుడి చేతికి పెట్టమని మేం పట్టుబట్టేది అందుకే. గుండెనుంచి బయల్దేరిన రక్తం మొదట చేరేది అక్కడికి, తలకి.

ఎక్కువ రోజులు తప్పదనుకుంటే భుజం కింద ఆక్సిలరీ ధమనికి ఎనిమిది మిల్లీమీటర్ల డాక్రాన్ గొట్టం (గుడ్డలాంటి కృత్రిమ రక్తనాళం) కుట్టి, దాంట్లోంచి రక్తం ఇచ్చే పద్ధతి మెరుగు. లాగడం మెడలోంచి. కాళ్లు రెండూ వదిలేస్తారు, తలకు మంచి రక్తం అందుతుంది. ఆ చేతికి మరీ ఎక్కువ రక్తం పోయి ఉబ్బిపోవడం ఒకటి చూసుకోవాలి. ఇది చిన్నదే అయినా ఆపరేషనే కాబట్టి ప్రాణం మీదికొచ్చిన రాత్రి కుదరదు. ముందు గజ్జలో మొదలుపెట్టి రెండు మూడు రోజులకు ఇటు మార్చడం మంచి పద్ధతి. పైపులు మారుస్తామంటే ‘మొదటిది ఫెయిలైందా’ అని కంగారు పడకండి.

ఛాతీ తెరిచి, గుండెనే పంపుగా వాడి

నాకు అన్నింటికన్నా ఆసక్తి కలిగించేది ఇది. ఛాతీ ఎముక తెరిచి ఒక గొట్టాన్ని పుపుస ధమనికి, ఇంకో గొట్టాన్ని గుండె ఎడమ కర్ణికకు కుడతారు. మధ్యలో అడ్డు చాలా తక్కువ ఉండే నోవాలంగ్ లాంటి ఆక్సిజనేటర్ పెడతారు. పంపు ఉండదు. పుపుస ధమనిలో బీపీ విపరీతంగా ఉన్న పేషెంటులో ఆ బీపీనే రక్తాన్ని ఆక్సిజనేటర్‌లోంచి తోస్తుంది. చంపుతున్న బీపీ ఇక్కడ పనికొస్తుంది. మూసుకుపోయిన ఊపిరితిత్తుల పక్కన కొత్త కాలువ తవ్వినట్టే కాబట్టి కుడి జఠరిక అదే రోజు ఊపిరి పీల్చుకుంటుంది. జర్మనీలోని హానోవర్, కెనడాలోని టొరంటో బృందాలు దీన్ని మార్పిడికి వారధిగా వాడి చూపించాయి.

2016లో టొరంటో జనరల్ హాస్పిటల్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్న ఒక యువతికి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి వచ్చింది. డాక్టర్ షాఫ్ కెశావ్‌జీ బృందం చీము పట్టిన రెండు ఊపిరితిత్తులనూ తీసేసింది. గుండెకు ఇలా నోవాలంగ్‌ను కలిపి, ఎక్మో తోడుగా పెట్టి, ఆరు రోజులు ఊపిరితిత్తులే లేకుండా ఆమెను బతికించి, తర్వాత మార్పిడి చేసింది. ఆమె ఇంటికి వెళ్లింది.

అలాగని ఎవరికి పడితే వాళ్లకు అడగాల్సింది కాదు. ఛాతీ తెరవాలి, రక్తస్రావం ఎక్కువ, తర్వాత మార్పిడి ఆపరేషన్‌లో ఆ అతుకులన్నీ మళ్లీ విప్పాలి. పైగా రక్తం నేరుగా ఎడమ గదిలోకి పోతుంది. సిరలోంచి తీసి సిరలోకే ఇచ్చే మామూలు ఎక్మోలో చిన్న గడ్డో, గాలి బుడగో వస్తే ఊపిరితిత్తులు జల్లెడలా పట్టేస్తాయి. ఇక్కడ ఆ జల్లెడ లేదు, తప్పించుకున్న గడ్డ మెదడుకు పోవచ్చు.

భవిష్యత్తులో ఇంటికి తీసుకెళ్లగలిగే కృత్రిమ ఊపిరితిత్తి కోసం మిషిగన్‌లో రాబర్ట్ బార్ట్‌లెట్ మొదలుకుని చాలామంది గొర్రెల మీద చేసిన పరిశోధనల్లోనూ ఇదే తగాదా. పుపుస ధమనిలోంచి తీసి అదే ధమనిలోకి వదిలితే జల్లెడ దక్కుతుంది కానీ కుడి జఠరిక రెండు అడ్డంకులను తోయాలి. ఎడమ గదిలోకి వదిలితే జఠరికకు సుఖం, మెదడుకు భయం.

కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే సమస్య అయితే

సీఓపీడీ (ఊపిరి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు) లాంటివాటిలో ఆక్సిజన్ సరిపోతున్నా కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు. పైన చెప్పిన లెక్క ప్రకారం దీనికి అరలీటరు ప్రవాహం ఉన్నా నడుస్తుంది. డయాలసిస్ క్యాథెటర్ లాంటి 15.5 ఫ్రెంచ్ సన్న పైపు మెడలో పెట్టి నడిపిన హెమోలంగ్ అనే యంత్రం అలాంటిదే. అయితే దీన్ని చిన్న ఎక్మో అనుకుని ఆక్సిజన్ పడిపోతున్న పేషెంటుకు అడగొద్దు. అలాంటి వాళ్ల మీద బ్రిటన్‌లో చేసిన రెస్ట్ ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి, మరణాలు తగ్గలేదు.

నేనైతే ఏం అడుగుతాను

మా ఇంట్లో మనిషికే ఈ అవసరం వస్తే డాక్టరుగారిని మొదట అడిగేది బ్రాండు గురించి కాదు. ‘ఇది ఊపిరితిత్తులు కోలుకునేదాకానా, మార్పిడి దాకానా?’ అని అడుగుతాను. రెండూ కావు, చూద్దాం అంటే గజ్జ–మెడతో మొదలుపెట్టమంటాను, పది రోజుల తర్వాత మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతాను. మార్పిడి అని తేలితే, ఒళ్లు మరీ భారీ కాకపోతే, కుడి గుండె బాగుంటే మెడలో జంట పైపుకు మార్చమంటాను, అదీ కండలు కరిగిపోకముందే. కుడి గుండె బలహీనమైతే పుపుస ధమని దాకా వెళ్లే పైపు. ఊపిరితిత్తుల బీపీ జబ్బు అయితే అసలు మార్పిడి చేసే పెద్ద కేంద్రానికి ముందే తరలించే మాట ఎత్తుతాను. మార్పిడికి అర్హతే లేదు, కోలుకునే ఆశా లేదు అంటే ఏ పైపు పెట్టినా మిగిలేది బిల్లే. ఆ మాట డాక్టరు మొదటి రోజే చెప్పాలి, మనమూ వినాలి.

ఎక్కడ పెట్టినా తప్పనివి కొన్ని ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ లాంటి మందు, దాంతోపాటు రక్తస్రావం భయం. ఆక్సిజనేటర్‌లో గడ్డలు పేరుకుంటే మొత్తం మార్చడం, ఎక్కువ రోజుల కేసుల్లో ఇది ఒకటికి రెండుసార్లు జరగొచ్చు. ఆ ఖర్చు కూడా ముందే అడిగి పెట్టుకోండి.

పైపులు తీసేసిన రోజు అందరూ స్వీట్లు పంచుతారు. వారాలపాటు లావు పైపు ఉన్న సిరలో గడ్డ మిగిలిపోవడం మామూలే. గజ్జ అయితే కాలు వాస్తుంది, మెడ అయితే బయటికి ఏమీ తెలియకపోవచ్చు. పైపు తీసిన ఒకటి రెండు రోజుల్లో ఆ సిరకు డాప్లర్ స్కాన్ (రక్త ప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) చేయించమని గుర్తు చేయండి. డిశ్చార్జి కాగితంలో పైపు ఏ వైపు, ఏ సిరలో, ఎన్ని రోజులు ఉందో రాయించుకోండి. రేపు ఇంకెవరైనా అదే చోట లైన్ వేయబోయినప్పుడు అక్కరకొస్తుంది.